మా నాయనకు ఎంత లోతు

మా ఊరి చెరువును మనిషితో కొలిచేవాళ్లు. ఆ మనిషి మా ఇంటివాడే కావాలి.

ఇప్పటి పిల్లలకు ఈ మాట చెప్తే నవ్వుతారు. నవ్వనీ. మా ఇంటికి ఒకనాడు ఉన్న మర్యాదల్లో నా కాలానికి మిగిలింది అదొక్కటే. అందుకని నేను దాన్ని నవ్వుతూ చెప్పలేను.

వనపర్తి దిక్కు మెట్ట పల్లె మాది. ఎర్రచెల్కలు, బోడిగుట్టలు, ఆ గుట్టల నడుమ కట్ట వేసి ఆపిన ఒక చెరువు. కట్ట వేయించింది మా ముత్తాత. సంస్థానంలో ఆయనకు పల్లకి మర్యాద ఉండేదట. నాకు తెలివి వచ్చేనాటికి ఆ పల్లకి బొంగు పశువుల కొట్టంలో అడ్డంగా కట్టి ఉండేది. దాని మీద కోళ్లు పడుకునేవి. ఇంటి ముందరి మొగసాల ఒక వానకాలం కూలింది, మళ్లీ లేవలేదు. భూములు ఎట్లా పోయాయో రాయను. పోయినవాటిని తలుచుకుని కూర్చోవడం మా ఇంట్లో అలవాటు లేదు. వంటింట్లో ఏమున్నా లేకున్నా, మా నాయన బయటికి వెళ్లాలంటే షేర్వానీకి మెడ దాకా గుండీలు పెట్టుకునే వెళ్లేవాడు. నడుము వంచి నడవడం ఆయనకు రాదు. నాకూ రాదు.

చెరువు కొలిచే తీరు ఇది. కార్తీకం దాటి, చలి ముదిరి, వాగులో నీరు రావడం ఆగిపోయాక, యాసంగి నాట్లకు ముందు ఒక పొద్దున ఊరు కట్ట మీద చేరుతుంది. తూము పక్కనుంచి చెరువు లోపలికి రాతి మెట్లు దిగుతాయి. మెట్ల చివర వెడల్పాటి బండ ఒకటి ఉంటుంది. తూము కన్ను సరిగ్గా ఆ బండ మట్టానికే ఉంటుంది. కాబట్టి బండ మీద ఎంత నీరు నిలిచిందో పొలానికి పారేది అంత. మా ఇంటి పెద్ద తలకు రుమాలు చుట్టుకుని ఆ మెట్లు దిగి, బండ మీద నిటారుగా నిలబడాలి. తూము ఎత్తి దించే నీరటి గట్టు మీదినుంచి చూసి, నీరు ఒంటి మీద ఎక్కడిదాకా వచ్చిందో కేక వేస్తాడు. మా ఇంటి పెద్ద తల ఊపితేనే కేక వేయాలి, ఊపకపోతే వేయరాదు.

మోకాలి లోతు అయితే ఆ ఏడు యాసంగి లేదు. ఆ నీరు పశువులది, కొంగలది, చేపలది. దాని మీద ఎవరికీ హక్కు లేదు. నడుము లోతు అయితే కట్ట కింది పై మళ్లలో మాత్రమే నాటాలి. ఆ పై మళ్లు ఎవరివైనా సరే, చివరి మళ్ల వాళ్లకు కూడా వాటిలో పాలు పంచి ఇవ్వాలి. దీన్ని తైబందీ అంటారు. రొమ్ము లోతు అయితే ఎవరి మడి వాళ్లదే, ఆయకట్టు చివరిదాకా నాటుకోవచ్చు.

అక్కడి రాతి మీద ఒక గీత గీసుకుంటే పోయేది గదా అని మీకు తోచవచ్చు. ఆ ఊళ్లో ఎవరికీ తోచలేదు. అందరి చూపూ మనిషి మీదనే. ఒకసారి సర్కారు కొలతల అధికారి ఒకాయన వచ్చి, గొలుసులు పరిచి, జెండాలు పాతి, నాలుగు దిక్కులా నడిచి, చెరువు నిండితే ఇన్ని ఘనపుటడుగుల నీరని తేల్చి చెప్పాడు. ఊరంతా శ్రద్ధగా విన్నది. చివరికి నీరటి చేతులు కట్టుకుని అడిగాడు:

"మంచిదే సాబ్. గా లెక్కన మా దొరకు ఎంత లోతు?"

అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మా నాయన మీసాల కింద నవ్వుకున్నాడు.

మా ముత్తాత పొడుగరి. మా తాత పొడుగరి. మా నాయన ఇంట్లో గుమ్మం గుమ్మానికీ తల వంచవలసిన మనిషి. ఆయన తల వంచడం నేను చూసింది అక్కడొక్కచోటే. మూడు తరాలుగా మా ఇంటి మగవాళ్లు ఒకే ఎత్తున ఉంటూ వచ్చారు గనుక, వాళ్లతో కొలిచిన చెరువు కూడా తప్పిపోలేదు. అది మనుషుల పొడుగు వల్ల జరిగిన పని అని, మా ఇంటి మహిమ కాదని తెలియడానికి నేను పుట్టవలసి వచ్చింది.

నేను అమ్మ పోలిక.

అమ్మది గద్వాల. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ పుట్టి పెరిగిన మనిషి. బీచుపల్లి దగ్గర పుట్టి ఎక్కి, ఆ గుండ్రటి పడవలో కృష్ణ దాటి కాపురానికి వచ్చింది. వచ్చిన కొత్తలో కట్ట మీద నిలబడి మా చెరువును చూసి, "గిదేనా చెరువు? మా కాడ బర్రెలు పొర్లే మడుగు గింతుంటది" అన్నదట. నాయన కోపం తెచ్చుకోలేదు. "ఎండకాలం రానీ, అప్పుడు చెప్పు" అన్నాడట. ఎండకాలం వచ్చింది. బియ్యం కడిగిన నీళ్లు వంకాయ మొక్కలకు, కాళ్లు కడిగిన నీళ్లు పెరట్లో నిమ్మచెట్టుకు పోయడం ఆమె ఆ ఏడే నేర్చుకున్నది. నాకు తెలిసి ఆమె చేతినుంచి ఒక చెంబెడు నీరు కూడా ఊరికే నేల మీద పడలేదు. ఎవరైనా చేతులకు నీళ్లు పోస్తుంటే "సాకు, సాకు" అనేది. చాలు అనడానికి వాళ్ల దిక్కు మాట అది. అక్కడ కన్నడం మాటలు కొన్ని కలుస్తాయి. నీళ్ల దగ్గర మాత్రం ఆమె నోటికి ఆ మాటే వచ్చేది.

ఆమె చాలా పొట్టి. నాయన షేర్వానీ గుండీ ఊడితే ఆయన విప్పేవాడు కాదు, ఆమె పీట ఎక్కేదీ కాదు. ఆయన నిటారుగా నిలబడితే, ఆమె ముందర నిలబడి, రొమ్ము మీది గుండీ సరిగ్గా తన పాపట దగ్గర ఉండగా, చేతులు పైకెత్తి కుట్టేది. సూది తగిలినా ఆయన కదిలేవాడు కాదు. నేను చాపమీద కూర్చుని ఏదో చదువుకుంటున్నట్టు ఉండేవాణ్ణి. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు చనువుగా ఉండడం నేను చూసింది ఆ కుట్టేటప్పుడే.

నేను నాగర్‌కర్నూలులో చదువు ముగించుకుని వచ్చిన ఏడు వానకాలంలో నాయన పోయాడు. నాలుగు రోజుల జ్వరం. వానలు కూడా ఆ ఏడు అంతంతమాత్రమే. అమ్మ ఏడాది నిండేదాకా గడప దాటరాదు. తెల్లచీర కట్టుకుని ఇంట్లోనే తిరుగుతుండేది. దినాలు ముగిశాక ఆమె వడ్రంగం చేసే వడ్లాయనను పిలిపించి, నడవాలోని చిలక్కొయ్యను ఊడదీయించి, గోడకు ఇంకా పైన కొట్టించింది. దానికి నాయన షేర్వానీ తగిలించింది. అంత పైన ఎందుకని నేను అడగలేదు. ఆ కొయ్య దగ్గర నడిచేటప్పుడు మాత్రం ఆమె ఒక క్షణం ఆగేది.

చెరువు కొలిచే పొద్దు దగ్గరపడింది. ఈసారి దిగవలసింది నేను. ముందురోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మ నడవాలోకి పిలిచింది.

"బిడ్డా, గీడ నిలబడు. షేర్వానీ ముందర."

నిలబడ్డాను. షేర్వానీ మెడపట్టీ నా కళ్లకు ఎదురుగా వచ్చింది. అప్పుడు అర్థమయింది ఆమె కొయ్యను ఎందుకు జరిపించిందో. అది నాయన నిలబడినప్పటి ఎత్తు. ఆమె రోజూ ఆయన పక్కనుంచి నడిచిపోతున్నది.

"రేపు నీళ్లు నీ రొమ్ముకు వస్తే, మీ నాయనకు ఏడికి వచ్చినట్టు?" అన్నది.

నాకు ఒళ్లు మండింది. "నేను పొట్టివాణ్ణని ఊరికి చాటమంటవా అమ్మా?"

"ఊరికి కండ్లు లేవా?"

"కండ్లున్నయి. నోరు లేదు. మన ముందర ఎవడు నోరు తెరుస్తడు?"

"గదే నా భయం" అన్నది. "మర్యాదకు ఎవ్వరూ చెప్పరు. నువ్వు తల ఊపుతవు. వాళ్లు చివరిదాక నాటుతరు. చైత్రంల ఎండిపోతది. ఎండినంక గూడ ఎవ్వరూ చెప్పరు."

ఆమె షేర్వానీ అంచు పట్టుకుని సరిచేస్తున్నట్టు నిలబడింది. మెల్లగా, "నా పోలిక వచ్చె నీకు. మీ నాయనది రాలే. నా మూలంగనే గిట్లయింది" అన్నది.

కోపం ఎక్కడికి పోయిందో పోయింది. ఆమె మాటే ఆమెకు చెప్పాను. "సాకమ్మా."

పొద్దున్నే కట్ట మీదికి వెళ్లాను. మంచు ఇంకా విడలేదు. పై మళ్ల ఆసామి ముందు వరసలో ఉన్నాడు. ఊళ్లో కాస్త గట్టి రైతు. నేను మామా అని పిలిచేవాణ్ణి. రొమ్ము లోతు అయితే తన పై మళ్లు తనవే, నడుము లోతు అయితే అందరితో పంచుకోవాలి. ఆయనకు ఏది కావాలో ఆయన ముఖం చెప్తున్నది. ఆయనకు కొంచెం దూరంలో, నేను పిన్ని వరసన ఖాలా అని పిలిచే ఆమె నిలబడి ఉన్నది. ఆయకట్టు చివరి మళ్లు కౌలుకు చేసే ముస్లిం కుటుంబం వాళ్లది. మా అమ్మకు ఊళ్లో మనసు విప్పి మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఆమె నోటికి దొర అని లేదు, దొరసాని అని లేదు.

"బేటా, మీ నాయన దిగితే చెరువు జర తగ్గినట్టు కనపడేది. నువ్వు దిగినంక పొంగుతదేమో చూడాలె" అన్నది.

నలుగురు నవ్వి, నా ముఖం చూసి ఆపేశారు.

"నోరు జర అదుపుల పెట్టు బీబీ" అన్నాడు మామ.

"నా నోరు అదుపులనే ఉన్నది పటేలా. మా చివరి మడి తూము కాడికి నడిచి రాదు గద, నేనొస్తి."

తలకు నాయన రుమాలే చుట్టుకుని మెట్లు దిగాను. నీళ్లు కత్తుల్లా ఉన్నాయి. బండ మీద పాదాలు ఆన్చి, వెన్ను ఎంత సాగుతుందో అంతా సాగదీసి నిలబడ్డాను. మా వంశానికి ఉన్న బిగువంతా ఆ వెన్నులోకి తెచ్చుకున్నాను. అయినా నీళ్లు నా రొమ్మును తాకి అక్కడే నిలిచాయి.

"రొమ్ము!" అన్నాడు మామ ముందుగా. "దేవుడు సల్లగ చూసిండు. రొమ్ము లోతు!"

"వంగకు దొరా" అన్నది ఒక గొంతు.

"ఎందుకు వంగొద్దు? జర వంగితే ఇంకో నాలుగు మళ్లు పారుతయి" అన్నది ఇంకో గొంతు. మళ్లీ నవ్వులు.

నీరటి నోరు తెరిచి, మూసి, నా తల వైపు చూశాడు. వయసు మీరిన మనిషి. మా తాత దిగడం చూసినవాడు. ఆయన కళ్లలో సంగతి మొత్తం ఉన్నది. నోట మాత్రం రాదు. తక్కిన పెద్దలందరూ నీళ్ల వైపు కాకుండా గుట్టల వైపు చూస్తున్నారు. నా పరువు కాపాడుతున్నారు. ఖాలా నిలబడిన చోటికి చూశాను. ఆమె అక్కడ లేదు.

తల ఊపితే అయిపోతుంది. ఊపకపోతే, ఎందుకు ఊపలేదో చెప్పాలి. నేను అటూ ఇటూ కాకుండా నిలబడి ఉన్నాను. దవడలు చలికి కొట్టుకుంటున్నాయి. నీరటి ఇంకా నా తలనే చూస్తున్నాడు. ఎంతసేపో తెలియదు.

కట్ట మీద కదలిక కనిపించింది. జనం విడిపోయి దారి ఇచ్చారు. ఖాలా ముందు, ఆమె మోచేయి పట్టుకుని వెనక తెల్లచీరలో మా అమ్మ.

మా ఇంటి ఆడవాళ్లు మామూలు రోజుల్లోనే పదిమందిలోకి రారు. ఏడాది నిండని మనిషి రావడం అసలే లేదు. మామ తువ్వాలు భుజం మీదినుంచి తీసి చేత పట్టుకున్నాడు.

"దొరసానీ, ఇంకా ఏడాది నిండలే గద..."

"ఏడాది నిండెదాక నీళ్లు ఆగుతయా అన్నా?" అన్నది అమ్మ. ఆగకుండానే మెట్లు దిగింది.

"అమ్మా, చలి. రావొద్దు."

"జరుగు."

జరిగాను. ఆమె నా చేయి పట్టుకుని ఒక్కో మెట్టూ పాదంతో వెతుక్కుంటూ వచ్చి బండ మీద నా పక్కన నిలబడింది. తెల్లచీర నీళ్ల మీద ఉబ్బి మెల్లగా మునిగింది. నీళ్లు ఆమె గడ్డం దాకా వచ్చాయి. ముఖం కాస్త పైకెత్తి, కుడిచేయి నెత్తి మీద పరిచి పెట్టుకుని, కట్ట మీద చివరి మనిషికి కూడా వినపడేటట్టు అన్నది:

"నా నెత్తి మీద చెయ్యి చూడుండ్రి. ఆయన రొమ్ము ఈడ ఉండె. నా తల మునిగితెనే ఆయనకు రొమ్ము లోతు. మునిగిందా?"

పై మెట్టు మీదినుంచి ఖాలా గొంతు వచ్చింది.

"మునగలే అక్కా!"

గుట్టలు చూస్తున్న పెద్దలు ఇటు తిరిగారు. ఒకాయన, "నిజమే. దొర పక్కన దొరసాని గంతనే ఉండె" అన్నాడు. ఇంకొకాయన తల ఊపాడు. అందరూ ఒక్కసారి బరువు దించుకున్నట్టు కదిలారు. వాళ్లకు తెలియనిది ఆమె ఏమీ చెప్పలేదు. చెప్పడానికి వాళ్లకు వీలు లేనిది చెప్పింది. నా పొట్టితనం సంగతి ఒక్కమాట అనలేదు. మా నాయన ఎత్తు సంగతే చెప్పింది.

నీరటి నా వైపు చూశాడు. నా చేయి అమ్మ చేతిలో ఉన్నది. నేను తల ఊపి ఊరుకోలేదు. నా నోటితోనే చెప్పాను.

"మా నాయనకు నడుము."

"నడుమూ!" అని నీరటి వేసిన కేక గుట్టలకు తగిలి తిరిగి వచ్చింది. అంత గట్టిగా ఆయన కేక వేయడం నేను మళ్లీ వినలేదు.

అమ్మను పైకి తెచ్చేసరికి ఖాలా తన చద్దరు తీసి ఆమె చుట్టూ కప్పింది. "మునిగిపోతవేమోనని నా పానం పోయింది అక్కా. జర ఉంటే నేను గూడ దుంకుతుంటి."

"ఏటి గడ్డ మీద పుట్టిన దాన్ని, గీ మడుగులనా మునిగేది?" అన్నది అమ్మ. పళ్లు టకటక కొట్టుకుంటూనే నవ్వింది. నాయన పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదలు.

ఆ యాసంగికి తైబందీ చేశారు. మామ పై మళ్లలో ఖాలా వాళ్లకు ఒక పాలు వచ్చింది. పంచి ఇచ్చేటప్పుడు ఆయన సణుక్కున్నాడు గాని, గట్టు ఎక్కడ వేయాలో చెరకు గడ పట్టుకుని తనే చూపించాడు. ఉగాది దాటి వడగాలి మొదలైనప్పుడు చెరువు రోజురోజుకూ తగ్గింది. గింజ పాలు పోసుకునేటప్పుడు ఊరంతా ఊపిరి బిగబట్టింది. చివరి తడి పారి, కోతకు వచ్చేసరికి నీళ్లు బండను తాకి నిలిచాయి. బండ కింద ఉన్నది పశువులది. తూము దించేశారు. ఆ ఎండల్లో నాటకుండా విడిచిన చివరి మళ్లు నెర్రెలు బారి, పిడికిలి పట్టేంత సందులు పడ్డాయి. ఖాలా నన్ను పిలిచి చూపించి, కొత్త వడ్లు చాటలో పోసి మా ఇంటికి పంపింది.

మరుసటి కొలత దాకా ఆగకుండా, బండ బయటపడి ఉన్న ఆ ఎండకాలంలోనే రాయి పాతుదామని ఊరు అనుకున్నది. బండి మామదే, రాయి తోలింది ఆయనే. రాళ్లు కొట్టే మనిషి మా నడవాలోకి వచ్చి, చిలక్కొయ్యకు తగిలించిన షేర్వానీ పక్కన తాడు వేలాడదీశాడు. తాడు కింది కొస అమ్మ పట్టుకుని కూర్చున్నది. మోకాలికి ఒక ముడి, నడుముకు ఒక ముడి, రొమ్ముకు ఒక ముడి. రొమ్ము ముడి దగ్గర ఆమె లేచి నిలబడి తన పాపటతో సరిచూసుకున్నది. ఆ తాడును బట్టి రాతికి గీతలు పడ్డాయి. బండ మీద రాయి నిలబెట్టారు.

అయినా ఊరు నన్ను పిలవడం మానలేదు. ప్రతి ఏడూ రుమాలు చుట్టుకుని దిగి, రాయి పక్కన నిటారుగా నిలబడి, తల ఊపాను. మా ఇంటి మర్యాద మా ఇంటికి ఉన్నది. కొలత రాయికి పోయింది. దానికి నేను బాధపడలేదు.

అమ్మ ఏడాది నిండాక షేర్వానీని కొయ్య మీదినుంచి దించింది. వేపాకు వేసి మడిచి పెట్టెలో పెట్టింది. ఎందుకు దించావని అడిగితే, "గోడకు తగిలించి ఎన్నాళ్లుంచుత? ఇప్పుడు చెరువు కాడ ఉన్నడు గద" అన్నది.

ఎండకాలం నీళ్లు బండ దిగిపోయాక, రాయి అడుగుదాకా బయటపడేది. సాయంత్రాలు అమ్మ ఖాలాతో కట్ట మీదికి వచ్చి, ఒక్కతే మెట్లు దిగి, ఆ రాయి ముందర నిలబడేది. పై గీత సరిగ్గా ఆమె పాపట దగ్గర ఉండేది. గుండీ కుట్టేటప్పుడు నిలబడినట్టే నిలబడేది. ఒకనాడు నేను వెనకనుంచి వచ్చానని తెలిసి, తిరగకుండానే, రాతి మీద ఎండిన పాచిని గోటితో గీకుతూ అన్నది:

"మీ నాయన గింత సన్నం లేకుండె."